కుండ ఎక్కిన వదిన

కర్టెన్ల కొట్టు మీది గది,
చలి తగ్గుతున్న రోజులు

చిట్టెలుకకి,

దీవెనలు సగం, చీవాట్లు సగం కలిపి పంపుతున్నాను, నీకు కావలసినవి ఏరుకో. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఫోను చేద్దామంటే నీకు వినపడదు. నేను అరిస్తే కింద బేరానికొచ్చినవాళ్ళు పారిపోతారు. అచ్చాపీసులో కూర్చుని ఊరందరి రాతలూ దిద్దుతావు, సొంత వదినకి నాలుగు ముక్కలు రాయడానికి మాత్రం నీకు తీరికుండదు.

విషయం ఏమిటంటే, నేను కుండ ఎక్కుదామనుకుంటున్నాను. నవ్వకు. మంచు కరిగాక జనం వెళ్తారే, ఆ గుహలో స్వామి దగ్గరికి. కిటికీ కొలతలు పట్టుకొచ్చిన ఒక డ్రిల్లు టీచరమ్మ ప్రతి ఏడూ ఓ గుంపును వెంటేసుకుని నడిపిస్తుందట. నా మోకాళ్ళ వంక అనుమానంగా చూసి, "రోజూ మెట్లెక్కి దిగండి, అవే దారికొస్తాయి" అంది. అప్పట్నుంచి పొద్దున్నే కొట్టు మెట్ల మీద నా కసరత్తు. మిషను దగ్గర కూర్చున్న పనమ్మాయి నేను దిగినప్పుడల్లా "ఏదైనా మరిచిపోయారా అమ్మా?" అని అడుగుతోంది.

మీ అన్నయ్య ఉంటే వెళ్ళనిచ్చేవారు కాదు. బతికినన్నాళ్ళూ లిఫ్టులు బాగుచేసి జనాన్ని పైకెక్కించిన మనిషి, ఆ గుహ పేరెత్తితే మాత్రం చిరాకుపడేవారు. "అంత పైన కూర్చున్నాయన ఓ లిఫ్టు పెట్టించుకోవచ్చుగా" అని నా నోరు మూయించేవారు. ఆయన పోయి ఏడాది తిరిగింది. ఈ నాలుగు గోడలూ, ఈ గుడ్డ తానులూ చూసి చూసి నాకు విసుగొచ్చేసింది.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ రోజు ఆసుపత్రిలో నేను మందుల కిటికీ దగ్గర నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఆయన నిద్రలోకి జారుకున్నారు, మళ్ళీ లేవలేదు. గదిలో ఉన్నది నువ్వొక్కదానివే. ఏమన్నా అన్నారా? నా గురించి కాకపోయినా ఫర్వాలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ఆఖరి మాట ఏమిటో తెలియకపోతే నాకు ఏ పని మీదా చెయ్యి ఆడటం లేదు.

నీ వదిన


అచ్చాపీసు, కిటికీ పక్క బల్ల

వదినా,

ఏ కుండ ఎక్కుతావు? మంచినీళ్ళదా? జాగ్రత్త, పగిలిందంటే నడుం విరుగుతుంది. "కొండ" అని రాయాలి తల్లీ! కొమ్ము ఎక్కడ పెట్టాలో, ఒత్వం ఎక్కడ పెట్టాలో నీకు ఈ జన్మకి తెలియదు. నీ ఉత్తరం ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పి పంపుదామనుకున్నాను. నన్ను తన్నడానికి బస్సెక్కి వచ్చేస్తావని ఊరుకున్నాను.

నేను బాగానే ఉన్నాను. ఇక్కడ కొత్త యంత్రం బిగించారు. దాని రొదకి అందరూ చెవుల్లో దూది కుక్కుకుంటున్నారు, నాకా బాధ లేదు. మేనేజరుతోనే చిక్కు. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతాడు. పెదాలు కనపడకపోతే నేనేం చదవను? నిన్న ఆయన "సెలవు" అన్నాడనుకుని సంచి సర్దుకుని లేచాను. ఆయన అడిగింది "చలువ" కళ్ళజోడట.

ఇక నువ్వడిగింది. ఏడాదిగా చెప్పకపోవడానికి కారణం సిగ్గు. నీకేమీ మిగలకుండా నాకొక్కదానికే మిగిలిందని. నువ్వు మందుల కోసం వెళ్ళగానే అన్నయ్య కళ్ళు తెరిచాడు. మూతి మీది గాలి తొడుగు పక్కకి లాగేసి, నాకు బాగా కనపడేలా మొహం ఇటు తిప్పి, మెల్లగా పెదాలు కదిపాడు. "నా ముక్కు... నువ్వే..." అన్నాడు. పై మాటకి ఊపిరి చాల్లేదు. నాకు చెప్పాలా? చిన్నప్పుడు నాకెప్పుడూ జలుబే. బడికి వెళ్ళే దారంతా తన చొక్కా చేత్తో నా ముక్కు తుడిచింది అన్నయ్యే. ఇప్పుడు నా వంతు వచ్చింది కాబోలనుకుని, చేతిరుమాలు తీసి శుభ్రంగా తుడిచాను.

అన్నయ్య నా మొహంలోకి చూసి నవ్వాడు వదినా. మామూలుగా కాదు, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. నా తల మీద చెయ్యి వేసి, అలాగే కళ్ళు మూసుకున్నాడు.

ఆ రుమాలు ఉతకలేదు. నవ్వితే నవ్వు. దానికి మించిన ఆస్తి నాకేదీ లేదు. ఇవాళ్టినుంచి సగం నీది.

చిట్టెలుక


మీది గది, కొట్టు మూసేశాక

ఏమండీ,

దీన్ని ఏ పెట్టెలో వెయ్యాలో మీరే చెప్పాలి. ఎవరికైనా చెప్పకపోతే నా గుండె ఆగిపోయేట్టుంది, అందుకని మీకే రాస్తున్నాను.

మీరన్నది ముక్కు కాదు. మొక్కు. ఇందాక అద్దం ముందు నిలబడి రెండు మాటలూ అనుకుని చూశాను. మూతి రెండింటికీ ఒకలాగే ముడుచుకుంటోంది. పాపం, చిట్టెలుక తప్పేముంది?

పెళ్ళయిన కొత్తలో మీరు చెప్పింది నేను మరిచిపోలేదు. నాలుగైదేళ్ళ చెల్లికి జ్వరమొచ్చి ఒళ్ళు కాలిపోతుంటే, నిక్కర్ల వయసులో ఉన్న మీరు మంచం పక్కన కూర్చుని ఆ గుహలో స్వామికి మొక్కుకున్నారు. "మా చెల్లి బతికితే నడిపించి నీ దగ్గరికి తీసుకొస్తా" అని. చెల్లి బతికింది. చెవులు పోయాయి. "సగం పని చేసినాయనకి నిండు కూలి ఎందుకివ్వాలి?" అని మీరు భీష్మించుకు కూర్చున్నారు. మీకెప్పుడూ ముక్కు మీదే కోపం. తన కోసం మీరు దేవుడితో పోట్లాడారని తెలిస్తే అది కుమిలిపోతుందని, ఆ సంగతి ఎన్నడూ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు.

మరి ఆఖరికి మీరే మెత్తబడితే ఎలా? మెత్తబడ్డవాళ్ళు కాస్త గట్టిగా చెప్పొద్దా? ఇప్పుడు దానికి నిజం చెబితే, అది దాచుకున్న ఒక్క ఆస్తినీ నా చేత్తో లాక్కున్నట్టు. చెప్పకపోతే ఆ కొండ మీదికి ఎలా తీసుకెళ్ళను? ఒక్క గుణింతం తప్పుకి నన్నిలా ఇరికించి మీరు హాయిగా వెళ్ళిపోయారు. నాతో ఒక్క మాటా అనకుండా పోయారని ఏడాదంతా కుళ్ళిపోయాను. ఆ కోపం మాత్రం పోయింది లెండి. నడవాల్సింది అది, అందుకని దానికే చెప్పారు.

నేను చెప్పను. చెప్పకుండానే నడిపిస్తాను. కొత్తగా కొన్న నడక బూట్లు వేళ్ళ దగ్గర వదులుగా ఉన్నాయి. ఈ కాగితం మడిచి కుడి బూటులో కూరుతున్నాను. ఎలాగూ మీ పని మీదే నడుస్తున్నాను కదా.

మీ మనిషి


కొట్టు, కత్తిరింపు బల్ల

చిట్టెలుకా,

సగం ఆస్తి అందింది. కళ్ళూ తుడుచుకున్నాను, ముక్కూ తుడుచుకున్నాను. రుమాలు ఉతకకు.

నువ్వు కూడా నాతో కొండకి రా. కొండ! చూడు, ఈసారి సరిగ్గా రాశాను. నా మోకాళ్ళు ఎక్కడ మొరాయిస్తాయో తెలియదు, పక్కన మన మనిషి ఉంటే ధైర్యం. డ్రిల్లు టీచరమ్మ మంచిదే కానీ, మాట్లాడితే ఈల ఊదుతుంది. గుంపులో మిగతావాళ్ళు నాకంటే చిన్నవాళ్ళు. వాళ్ళ ముందు ఆయాసపడాలంటే నామోషీగా ఉంటుంది, నీ ముందైతే ఎంతసేపైనా ఆయాసపడతాను. మీ మేనేజరుకి సెలవు చీటీ ఇచ్చెయ్. చలువ కళ్ళజోడు కూడా తెచ్చుకో, మంచు మీద ఎండ కొడుతుందట.

నీ వదిన


అచ్చాపీసు

వదినా,

పిలుపు బాగుంది. కొండ స్పెల్లింగు కూడా బాగుంది. నేను రాను.

నీకు రాయలేదు గానీ, కిందటి నెల మా వీధిలోనే పాలబండి అతను వెనకనుంచి గంట కొడుతూ వచ్చాడట. నాకు తెలియదు కదా, నా మానాన నేను నడుస్తున్నాను. చివరి క్షణంలో ఎవరో చూసి పక్కకి లాగితే గోడకి రాసుకుని మోచెయ్యి చీరుకుపోయింది. ఇంకా చొక్కా తగిలితే మంట. వీధిలో పాలబండి. ఆ కొండ దారిలో ఒకవైపు బండ, ఇంకోవైపు లోయ, వెనక గుర్రాలు. పైనుంచి రాయి దొర్లితే అందరూ "తప్పుకోండి" అని అరుస్తారు, నేనొక్కదాన్ని అలాగే నిలబడి ఉంటాను. నాకు భయం వదినా. హాస్యానికి అనడం లేదు. భయం.

పైగా ఆ స్వామికీ నాకూ పరిచయం లేదు. జనం భజన చేస్తుంటే నాకు వరసగా తెరుచుకుని మూసుకునే నోళ్ళు కనపడతాయి, అంతే. అన్నయ్యే ఏనాడూ అటు తొంగి చూడలేదు. అన్నయ్యకి పట్టని దేవుడు నాకెందుకు? నువ్వు వెళ్ళి రా. మోకాళ్ళకి నూనె రాసుకో.

చిట్టెలుక


కొట్టు, నిచ్చెన మీద కూర్చుని

చిట్టెలుకా,

నీ మోచెయ్యి సంగతి ఇప్పుడా చెప్పడం? తగ్గిందా లేదా? మందు రాశావా? ఎదురుగా ఉంటే రెండో మోచెయ్యి నేనే చీరేసేదాన్ని.

ఇవాళ ఒక ఇంట్లో పెద్ద కిటికీకి కర్టెన్ బిగించాను. కింద తాడు లాగితే పైన గుడ్డ జరిగింది. అక్కడే నిచ్చెన మీద నాకు వెలిగింది. మంచి గట్టి కర్టెన్ తాడు ఒకటి తెస్తాను. ఒక కొస నీ నడుముకి, రెండో కొస నా చేతికి. ముందు నువ్వు, వెనక నేను. ఒకసారి లాగితే ఆగు. రెండుసార్లు లాగితే బండ వైపుకి జరుగు. విడవకుండా లాగుతూనే ఉన్నానంటే వదిన పని అయిపోయిందని అర్థం, వచ్చి మంచినీళ్ళు పొయ్యి. నా చెవులు ఇద్దరికీ సరిపోతాయి. గుర్రం కాదు కదా, గుర్రం తోక ఊపినా నాకు వినపడుతుంది.

నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను. ఎందుకింత పట్టు పడుతున్నావని అడగకు. మీ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచి నిన్ను నేను ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. రావే.

నీ వదిన


అచ్చాపీసు

వదినా,

"రావే" అన్న చోట సిరా అలుక్కుపోయింది. నీళ్ళ గ్లాసు ఒలికిందని మాత్రం చెప్పకు.

వస్తాను. భయం పోలేదు, భయంతోనే వస్తాను. కానీ తాడు పసుపుపచ్చది తెచ్చావంటే అక్కడే తెంచేస్తాను, ఆవుని తోలుకెళ్తున్నట్టుంటుంది. వంకాయ రంగుది ఉందా?

చిట్టెలుక


కొట్టు మీది గది,
వానలు మొదలయ్యాయి

చిట్టెలుకా,

నేను ఇల్లు చేరాను. మోకాళ్ళు ఇంకా దారిలోనే ఉన్నాయి, మెల్లగా వస్తాయి. పనమ్మాయి నన్ను చూసి "అమ్మా, నల్లబడ్డారు, కానీ కళ వచ్చింది" అంది. జీతం పెంచమంటుందేమో.

ఆ మలుపు దగ్గర గుర్రం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది. మూటలేసుకుని గుర్రం దిగుతుంటే నేను రెండుసార్లు లాగానా, నువ్వు టక్కున బండకి బల్లిలా అతుక్కుపోయావు. నేను మాత్రం లాగిన ఘనత చూసుకుని దారి మధ్యలోనే నిలబడిపోయాను. నువ్వు తాడుతో నన్ను గుంజకపోతే ఈ ఉత్తరం రాసేవాళ్ళుండరు. డ్రిల్లు టీచరమ్మ ఊదిన ఈలకి లోయ అవతల మేకలు కూడా ఆగిపోయాయి. నిన్ను నేను నడిపిస్తున్నానని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కదా, ఆ మలుపు తర్వాత ఎవరూ నమ్మలేదు.

ఒక్కటే నాకు అంతుపట్టడం లేదు. ఎక్కేటప్పుడు నీ నోరు మూతపడలేదు. ఆ పూలూ, ఆ మంచు కొండలూ, ప్రతిదీ చూపించి నా ప్రాణం తీశావు. గుహలోంచి బయటికొచ్చాక ఒక్క ముక్క మాట్లాడలేదు. దిగేదారిలో ఒకచోట బండ మీద కూలబడి నన్ను ఎగాదిగా చూశావు. బస్సు దగ్గర కూడా చెయ్యి ఊపి వెళ్ళిపోయావు. అలిగావా? నేనేమన్నా అన్నానా? అక్కడికి బలవంతంగా లాక్కెళ్ళానని కోపమా? ఏదైనా తిట్టు, పడతాను. ఊరుకోకు.

నీ వదిన


అచ్చాపీసు, యంత్రం ఆపేసిన రోజు

వదినా,

అలగలేదు. మాట కూడబలుక్కోవడానికి ఇన్నాళ్ళు పట్టింది.

నీకు తెలిసిన దారే అయినా రాస్తాను, ఎందుకంటే నువ్వు నీ బూట్లు తప్ప ఏమీ చూడలేదు. పొద్దున్నే మబ్బులు మన కాళ్ళ కింద ఉన్నాయి. కొండవాలంతా గోరంత నీలం పూలు. లోయలో నది తెల్లగా విరిగిపడుతుంటే మీరందరూ చెవులు మూసుకున్నారు చూడు, ఆ హోరు నాకు అరికాళ్ళలో తెలిసింది. నిలబడ్డ రాయి వణుకుతోంది. చాలా ఏళ్ళ తర్వాత ఒక చప్పుడు నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టనిపించి, భయం అక్కడే వదిలేశాను.

గుహలోకి వంగి వెళ్ళాం. ఒకే ఒక్క దీపం. పైనుంచి నీటిచుక్క నా మెడ మీద పడితే ఉలిక్కిపడ్డాను. ఎదురుగా నువ్వు చేతులు జోడించి కళ్ళు మూసుకున్నావు. మనసులో అనుకోవడం నీకు చేతకాదు కదా, పక్కనున్నది చెవిటిదనే ధైర్యంతో పైకే అన్నావు. దీపం సరిగ్గా నీ మూతి మీదే ఉంది వదినా.

"ఏమండీ, మీ ముక్కు తీరింది. దాన్ని తీసుకొచ్చాను."

నాకు కనపడింది అదే. ముక్కు తీరడమేమిటి, వదినకి గాలి చాలక మతిపోయిందా అనుకుని నవ్వు ఆపుకుంటూ బయటికొచ్చాను. దిగుతూ ఉంటే ఆ మాట వదిలిపెట్టలేదు. ప్రూఫులో అర్థం కుదరని మాట కనపడితే నాకు నిద్ర పట్టదు, తెలుసుగా. ముక్కు తీరదు. ముక్కు తుడుస్తారు. తీరేదేమిటి? కొమ్ము తీసేసి ఒత్వం పెట్టి చూశాను. అప్పుడే ఆ బండ మీద కూలబడ్డాను.

ఊరందరి తప్పులూ పట్టేదాన్ని, అన్నయ్య ఆఖరి మాటలో తప్పు వదిలేశాను!

దేని మొక్కో నువ్వు చెప్పక్కర్లేదు. నా జ్వరం నాకు గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి అన్నయ్య మంచం పక్కన ఉన్నాడు, పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నాతో ఆడుకుంటున్నాడనుకున్నాను. వాడి నోట నేను మొట్టమొదట చూసిన మాటలవే. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఆ గుహ పేరెత్తితే ఎందుకు మండిపడేవాడో ఇప్పుడర్థమైంది. పిచ్చి అన్నయ్య. నాకోసం దేవుడితో మాటలు మానేశాడు.

నిజం తెలిస్తే నా ఆస్తి పోతుందని దాచావు కదూ? పోలేదు. ఆ రోజు అన్నయ్య ఎందుకంత నవ్వాడో నాకు ఏడాదిగా తెలియదు. ఇప్పుడు తెలిసింది. మొక్కు తీర్చమంటే ముక్కు తుడిచాను, నవ్వక ఏం చేస్తాడు? కావాలంటే ఇంకోసారి చెప్పి దిద్దేవాడే. ఉన్న కాస్త ఊపిరితో నన్ను దిద్దకుండా నవ్వుకున్నాడు. అన్నయ్య దిగులుతో పోలేదు వదినా. నవ్వుతూ పోయాడు. నీకు కావలసింది అదే కదా, ఇదుగో, తీసుకో. ఇది సగం కాదు, మొత్తం నీదే.

ముక్కూ తుడిచాను, మొక్కూ తీర్చాను. అడిగినదానికంటే ఒకటి ఎక్కువే చేశాను.

చిట్టెలుక


కొట్టు మీది గది

చిట్టెలుకా,

నీ ఉత్తరం కింద కొట్టులోనే విప్పాను. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియక పనమ్మాయి కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొలతలివ్వడానికొచ్చినావిడ రేపొస్తానని వెళ్ళిపోయింది.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఇదంతా చెప్పుకుంటూ మీ అన్నయ్యకి ఒక ఉత్తరం రాసి కుడి బూటులో కూరాను. అంత దూరం దాని మీదే నడిచాను. ఇవాళ తీసి చూస్తే సిరా అంతా కరిగిపోయి ఒక్క అక్షరం మిగల్లేదు. నీ ఎర్ర పెన్నుకి పని తప్పింది. ఆయనకి అందే ఉంటుందిలే.

వంకాయ రంగు తాడు కిటికీకి కట్టాను. సెలవు దొరకగానే వచ్చెయ్, ఈసారి మెట్లెక్కితే చాలు. ఉదయంనుంచీ ఏడుపు ఆగడం లేదు, నా ముక్కు తుడవడానికి మనిషి లేదు.

దిద్దకు. ఇది ముక్కే.

నీ వదిన